గేటు కెమెరా చిట్టా

కెమెరా అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తన నిచ్చెన ఎవరైనా ముట్టుకుంటే కోపం. పని చేస్తుంటే కింద నిలబడి "ఇంకా ఎంతసేపు" అని అడిగితే కోపం. పాస్‌వర్డ్ మర్చిపోయామని ఫోన్ చేసేవాళ్ల మీదైతే చెప్పనే అక్కర్లేదు. అయినా ఊరంతా ఆమెనే పిలుస్తుంది, ఎందుకంటే ఆమె బిగించిన కెమెరా వానకు తడవదు, గాలికి మెడ వాల్చదు. నలభై ఆరేళ్ల మనిషి. స్కూటరుకు ఒక పక్క మడత నిచ్చెన, ఇంకో పక్క డ్రిల్లు సంచి కట్టుకుని పోతుంటే సిగ్నల్ దగ్గర మగాళ్లు తల తిప్పి మరీ చూస్తారు. ఆవిడ మాత్రం సిగ్నల్‌ స్తంభానికి ఉన్న కెమెరా వంక చూసి, "ఎవడు బిగించాడో, వంకర" అని గొణుక్కుంటుంది.

నాన్న రేడియోలు బాగుచేసేవాడు. గరిటె తిప్పడం రాకముందే ఆమెకు సోల్డరింగ్ కడ్డీ పట్టడం వచ్చింది. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీలు బాగుచేయించుకునే రోజులు కూడా పోయాయి. అప్పుడు ఈ కెమెరాల పనిలోకి దిగింది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు, నిదానస్థుడు. "ఊళ్లో అందరి గుమ్మాలకూ కళ్లు పెట్టావు, మన గుమ్మం కెమెరా రెండేళ్లుగా అట్టపెట్టెలోంచి బయటికి రాలేదే" అని రోజూ కాఫీ తాగుతూ ఆటపట్టిస్తాడు. "మనింట్లో ఏముందని దొంగ వస్తాడండీ, మీ ఖాకీ చొక్కా కోసమా?" అంటుంది ఆమె.

ఆమెకు ఒక అలవాటుంది. ప్రతి కెమెరా అడుగున చిన్న స్టిక్కరు ఉంటుంది. మోడలు, నంబరు, లోపలి బోర్డు ఏ రకమో తెలిపే అక్షరం అన్నీ దాని మీదే. కెమెరా చూరు కింద ఎక్కిందంటే మళ్లీ నిచ్చెన వేస్తే గానీ అది చదవలేం. అందుకే బిగించే ముందే స్టిక్కరు ఒలిచి, తన పొడుగు నోటుపుస్తకంలో అంటిస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. "మోకాళ్లు రెండే ఉన్నాయి నాకు" అంటుంది ఎవరైనా అడిగితే.

ఆ ఉదయం తొమ్మిదిన్నరకు ఫోన్ మోగినప్పుడు ఆమె ఒక బేకరీ చూరు కింద వైరు లాగుతోంది. ఫోన్ చేసింది పెద్దనర్సమ్మ. ఆవిడ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, ఇప్పుడు బోర్డు లేని ఒక ఇంటిని నడుపుతోంది. కొట్టే మొగుళ్ల దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు ఉండే ఇల్లది. అది ఎక్కడుందో తెలిసినవాళ్లు ఊళ్లో పదిమంది ఉంటారేమో. వాళ్లలో కెమెరా అక్క ఒకతె. కిందటేడు అక్కడ ఆరు కెమెరాలు పెట్టింది.

"మన కెమెరాలో తీసిన బొమ్మ ఒకటి బయటికి పోయింది" అంది పెద్దనర్సమ్మ. గొంతు మామూలుగానే ఉంది. ఆవిడ గొంతు అలా మామూలుగా ఉందంటే వ్యవహారం ముదిరినట్టే లెక్క.

"అమ్మా, ముందు ఇంటర్నెట్ వైరు పీకేయండి. ఇంటర్నెట్ పెట్టె వెనకాల నీలం వైరు. ఇప్పుడే పీకండి. నేను వస్తున్నా" అంది కెమెరా అక్క. బేకరీ వైరు అలాగే వేలాడుతుండగా స్కూటరు తీసింది.

ముందుగదిలో పెద్దనర్సమ్మ ఫోను చూపించింది. బొమ్మలో ఆ ఇంటి పెరడు, తీగ మీద తడి బట్టలు, చేతులెత్తి దుప్పటి ఆరేస్తున్న ఒక అమ్మాయి. మూలన తేదీ, టైము, 'కెమెరా 3'. ఆ అమ్మాయి మొగుడు దాన్ని తన మరదలికి పంపాడు. కింద ఒక్కటే ముక్క రాశాడు: "మీ అక్క కులాసాగా ఉంది, బెంగపెట్టుకోకు." చెల్లెలు హడలిపోయి, వెంటనే ఇక్కడికి పంపింది.

ఆ అమ్మాయి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నాలుగు నెలల కిందట వచ్చింది. వచ్చిన రెండో రోజే మూలపడి ఉన్న మిషనుకు నూనె వేసి నడిపించింది కాబట్టి అందరూ మిషనమ్మాయి అంటారు. ఆరేళ్ల కూతురు ఆమె చీర కొంగు పట్టుకుని నిలబడింది. ఈ పాప ఈ ఇంటికొచ్చిన మూడు నెలల దాకా నోరు విప్పలేదు. కిందటి నెలలోనే బడికి పోవడం మొదలుపెట్టింది, పక్క బెంచీ పిల్లతో పోట్లాడి వచ్చిందని తెలిసి ఇల్లంతా సంబరపడింది.

పెద్దనర్సమ్మ కెమెరా అక్కను పక్కకు పిలిచింది. "పోలీసులకు చెప్పాను. వాళ్లొచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేను. మన గేటు కెమెరాలో ఎదురుగా టైర్ల కొట్టు బోర్డు కనపడుతుంది కదా? బోర్డు మీద ఫోన్ నంబరుతో సహా?"

"కనపడుతుందమ్మా."

"వాడు అది కూడా చూసుంటే ఈ ఇల్లు ఎక్కడుందో వాడికి తెలిసిపోయినట్టే. నాలుగింటికి వ్యాను పిలిపించాను. అప్పటికి ఈ ఇల్లు భద్రమని నువ్వు నాకు చెప్పగలిగితే తల్లీబిడ్డా ఇక్కడే ఉంటారు. చెప్పలేకపోతే వేరే ఊరు పంపేస్తాను. ఆ పాపను ఇంకో ఇంటికి పంపాలంటే నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. ఇది నాలుగో ఇల్లవుతుంది దానికి."

పెద్దనర్సమ్మే మళ్లీ, "పాస్‌వర్డ్‌లు మార్చేస్తే చాలదా?" అంది.

"చాలదమ్మా. కెమెరాను నడిపించే ప్రోగ్రాము ఒకటి లోపలే ఉంటుంది, ఫర్మ్‌వేర్ అంటాం. వీటిలో ఉన్నది పాతది. ఒకసారి లోపలికి దూరినవాణ్ని, తాళం మార్చినా అది బయటికి పంపదు. కొత్తది ఎక్కిస్తేనే పోతాడు."

కొత్తది ఎనిమిది నెలల కిందటే వచ్చిందన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ కబురు ఆమె ఫోనుకు వచ్చింది కూడా. వానలు తగ్గాక చూద్దాంలే అనుకుంది. వానలు తగ్గి ఎన్నాళ్లయిందో ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

ఫర్మ్‌వేర్ దొరకబుచ్చుకోవడం ఒక పెద్ద తతంగం. పెట్టె మీదున్న కంపెనీ ఫోను మోగి మోగి ఆగిపోయింది. వాళ్ల వెబ్‌సైట్ తెరిస్తే తెల్లకాగితంలా ఉంది. వేరే చోట్ల వెతికితే ఒకే పేరుతో పదిహేను ఫైళ్లు కనిపించాయి, ఏది అసలో ఏది నకిలీయో తెలియదు. చివరికి సర్వీసు సెంటరులో పనిచేసే తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, పదేళ్లుగా ఫోనులో తిట్టి తిట్టి తమ్ముణ్ని చేసుకుంది.

"అక్కా, పెట్టె మీది పేరు చూడకు. అది అమ్మినవాడి పేరు, చేసినవాడిది కాదు. స్టిక్కరు మీద చివరి అక్షరం చెప్పు."

నోటుపుస్తకం తీసింది. ఐదు కెమెరాలది ఒక అక్షరం, మెట్ల దగ్గరిది వేరే. దాన్ని మొన్న వేసవిలో మార్చింది.

"అయితే రెండు రకాల ఫైళ్లు పంపుతున్నా. ఒకదానిది ఇంకోదానికి ఎక్కించావో, కెమెరా అక్కడికక్కడే చస్తుంది. మధ్యలో కరెంటు పోయినా అంతే. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా, తొందరపడకు."

"నీ నీతులు తర్వాత వింటాలే, ముందు ఫైలు పంపు" అంది కెమెరా అక్క.

అన్నిటికంటే ముందు గేటు కెమెరా. వైరు పీకేశాక ఇల్లు గుడ్డిగా ఉంది మరి. గేటు బయట ఎవరొచ్చి నిలబడ్డారో లోపలివాళ్లకు తెలిసే దారి లేదు. ఆమె గోడకు నిచ్చెన వేసి, లాప్‌టాప్‌ను పై మెట్టుకు తాడుతో కట్టి, కెమెరాకు వైరు కలిపింది. స్టిక్కరు అక్షరాన్ని రెండుసార్లు సరిచూసుకుంది. ఫైలు ఎక్కించి బటను నొక్కింది. తెర మీద గీత మెల్లగా కదలడం మొదలైంది.

ముప్పై శాతం దగ్గర ఒక బండి వచ్చి టైర్ల కొట్టు ముందు ఆగింది. హెల్మెట్ తీయకుండా ఒక మనిషి దిగాడు. కొట్టు షట్టరు మూసి ఉంది. అతను షట్టరు వైపు కాకుండా, అటు తిరిగి ఇటు తిరిగి ఈ ఇంటి వైపు చూశాడు.

మిషనమ్మాయి మొగుడు ఎలా ఉంటాడో కెమెరా అక్కకు తెలియదు. దిగి గేటుకు గడియ వేద్దామంటే నిచ్చెన కదిలి వైరు ఊడుతుంది, వైరు ఊడితే కెమెరా పోతుంది. గీత అరవై రెండు దగ్గర ఆగిపోయింది. కదలదు. ఆ మనిషి రోడ్డు దాటుతున్నాడు. ఆమె నిచ్చెన మీదే నిలబడి, ఎడమచేత్తో లాప్‌టాప్‌ను, కుడిచేత్తో స్క్రూడ్రైవరును బిగించి పట్టుకుంది. అవసరమైతే దాన్ని ఎక్కడ దింపాలో కూడా చూసిపెట్టుకుంది.

అతను గేటు దగ్గరకొచ్చి హెల్మెట్ తీశాడు. అరవై ఏళ్ల మనిషి, నున్నటి గుండు. "అమ్మాయ్, ఈ కొట్టు ఎన్నింటికి తీస్తారో తెలుసా? గాలి పోయింది."

"పదకొండింటికి బాబాయ్" అంది కెమెరా అక్క. స్క్రూడ్రైవరును వెనక్కి దాచింది.

గీత అరవై మూడుకొచ్చింది. తర్వాత గబగబా నూరుకు చేరింది. కెమెరా ఒకసారి కళ్లు మూసి తెరిచినట్టు ఎర్రలైటు ఆర్పి వెలిగించింది. ఆమె నిచ్చెన దిగి, చెంబెడు నీళ్లు గటగటా తాగింది.

రెండోది పెరటి కెమెరా, ఆ బొమ్మ పోయింది దీన్లోంచే. వైరు కలిపి, ఫైలు ఎంచుకుని, బటను మీద వేలు పెట్టిందో లేదో తమ్ముడి ఫోన్.

"అక్కా, చెప్పడం మర్చిపోయా. ఎక్కించే ముందు చిట్టా దించుకున్నావుగా? ఈ ఫైలు లోపలున్నదంతా పలక తుడిచినట్టు తుడిచేస్తుంది."

ఆమె వేలు గాల్లోనే ఆగింది. ఎవరు ఏ రోజు ఎన్నింటికి లోపలికొచ్చి చూశారో ప్రతి కెమెరా తనలో తాను ఒక చిట్టా రాసుకుంటుంది. అది దించుకోవాలని ఆమెకు తెలియక కాదు. పోయినేడు ఎవరికో ఈ విషయం మీదే గంటసేపు క్లాసు పీకింది కూడా.

"గేటుది ఎక్కించేశా తమ్ముడూ."

"దించుకోకుండానా?"

"దించుకోకుండానే."

"ఎక్కడా మిగలదక్కా. కంపెనీ దగ్గర ఉంటే ఉండాలి. వాళ్లు ఫోనే ఎత్తరు."

ఆమె నెత్తి మీద అరచేత్తో కొట్టుకుంది, నాలుక కొరుక్కుంది, తిట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని పెరటి కెమెరా చిట్టా దించి చదివింది. తొమ్మిది రోజుల్లో నలభై ఒక్కసారి. పొద్దున బట్టలారేసే వేళకు, మధ్యాహ్నం పాప బడినుంచి వచ్చే వేళకు. ఒక్కోసారి గంటకు పైనే. ఆ వరసలన్నిటి చివరా ఏ ఫోను నుంచి చూశారో దాని పేరు కూడా ఉంది: 'గోడౌన్ 2'.

ఆ పేరు పెట్టింది ఆమే. కిందటేడు ఒక సిమెంటు గోడౌనులో నాలుగు కెమెరాలు పెట్టి, అక్కడి సూపర్‌వైజరు ఫోనులో యాప్ వేసి, తన చేత్తో టైపు చేసిన పేరది.

లోపలికెళ్లి మిషనమ్మాయిని అడిగింది. "మీ ఆయన ఎక్కడ పని చేస్తాడమ్మా?"

"సిమెంటు గోడౌనులో అక్కా. సూపర్‌వైజరు."

కెమెరా అక్క నోటుపుస్తకం తెరిచింది. ఎడమ పేజీ గోడౌను, కుడి పేజీ ఈ ఇల్లు. స్టిక్కర్ల నంబర్లు వరసగా ఉన్నాయి. పదిహేడు నుంచి ఇరవై దాకా అక్కడ, ఇరవై ఒకటి నుంచి ఇక్కడ. రెండూ ఒకే రోజు తెచ్చిన పెట్టెల్లోవి. పాస్‌వర్డ్ కూడా ఒకటే. ఊళ్లో ఆమె పెట్టిన కెమెరాలన్నిటికీ అదే పాస్‌వర్డ్, ఎవరు మర్చిపోయినా తనకు గుర్తుంటుందని. యాప్‌లో తన కెమెరా నంబరును ఒకటి పెంచి కొడితే చాలు, పక్కింటి తలుపు తీసినట్టు తెరుచుకుంటుంది.

కానీ అలా కొట్టి చూడాలని వాడికెలా తోచింది? అదీ గుర్తొచ్చింది ఆమెకు. గోడౌనులో పని అయ్యాక స్కూటరు మీద మిగిలిన పెట్టెలు చూసి సూపర్‌వైజరు అడిగాడు. మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. "ఇవెవరికక్కా?" అన్నాడు. "ఆడవాళ్లుండే ఇల్లొకటుందిలే, బోర్డు కూడా ఉండదు" అంది. అంతే, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అది చాలింది. పెళ్లాం బిడ్డను తీసుకుని వెళ్లిపోయాక వాడు ఊరంతా వెతికి వెతికి, ఎప్పుడో ఆ మాట గుర్తుచేసుకుని ఉంటాడు.

మిగతా నాలుగు కెమెరాలనూ ఆమె ఎలా పూర్తిచేసిందో ఆమెకే సరిగా గుర్తులేదు. ప్రతిదాని చిట్టా ముందు దించింది, ఆ తర్వాతే ఫైలు ఎక్కించింది. మెట్ల కెమెరాకు దాని ఫైలే పెట్టింది. మొగుడు ఫోన్ చేసి అన్నం తిన్నావా అంటే "ఫోన్ పెట్టేయండి" అని కసిరింది. వంటింటి తలుపు దగ్గర పని చేస్తుంటే పాప వచ్చి నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుంది. మామూలుగానైతే కెమెరా అక్క గయ్యిమని లేచేది. ఇవాళ "జరుగు తల్లీ" అనడానికి కూడా నోరు రాలేదు.

"ఇది మాట్లాడుతుందా?" అంది పాప, కెమెరాను చూపించి.

"లేదమ్మా. చూస్తుంది, అంతే."

"ఎవరికి చెప్తుంది చూసి?"

ఆమె స్క్రూ బిగిస్తున్నట్టు గోడ వైపు తిరిగింది.

మూడూ నలభైకి ఆరు కెమెరాలూ పనిచేస్తున్నాయి. కొత్త పాస్‌వర్డ్‌ను పెద్దనర్సమ్మ చేతే పెట్టించింది. దాన్ని తన నోటుపుస్తకంలో రాసుకోలేదు. చిట్టాలన్నీ పోలీసులకు ఇవ్వడానికి ఒక కార్డులో వేసిచ్చింది. ముందుగదిలో మిషనమ్మాయి నిలబడి ఉంది. బట్టల మూట ఇంకా కట్టలేదు.

"ఇక ఒక్క ముక్కలో చెప్పు" అంది పెద్దనర్సమ్మ. "వాడు గేటు ముందు వీధి చూశాడా, చూడలేదా?"

చూడలేదు అని చెప్పేయొచ్చు. కెమెరా అక్క నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. తొమ్మిది రోజులైంది కదా, చూసుంటే ఈపాటికి రాకుండా ఉంటాడా? పెరటి మీదే వాడి ధ్యాసంతా. గేటు కెమెరా తెరిచి ఉండడులే. పాప రేపు పొద్దున మళ్లీ బడికి పోతుంది, తను చేసిన తప్పు ఎవరికీ తెలియకుండా ఈ పూటతో ముగిసిపోతుంది. ఇదంతా ఒక్క క్షణంలో ఆమె మనసులో తిరిగింది. పాప ముఖం చూసింది. చూడకుండా ఉండాల్సింది.

"తెలీదమ్మా" అంది. "గేటు కెమెరా చిట్టా నా తొందరలో నేనే తుడిచేశాను. వాడు చూశాడో లేదో ఇంక ఎవరూ చెప్పలేరు." ఆగితే మళ్లీ నోరు రాదని మిగిలింది కూడా చెప్పేసింది. ఒకే పాస్‌వర్డ్, వరస నంబర్లు, గోడౌనులో టీ తాగుతూ అన్న మాట, ఎనిమిది నెలలుగా వాయిదా వేసిన ఫర్మ్‌వేర్. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

పెద్దనర్సమ్మ కుర్చీ చేయి పట్టుకుని కూర్చుంది. "చూసుంటే ఇన్నాళ్లు ఆగేవాడా?" అంది చివరికి, ఎవరినో బతిమాలుతున్నట్టు.

"ఆయన తొందరపడే మనిషి కాదు పెద్దమ్మా" అంది మిషనమ్మాయి. "పెళ్లికి ముందు నేను ఏ బస్సెక్కుతానో, ఎక్కడ దిగుతానో నెల్లాళ్లు చూసి గానీ పలకరించలేదు."

పెద్దనర్సమ్మ లేచి, మూట కట్టుకొమ్మని ఒక దుప్పటి తెచ్చి మిషనమ్మాయి చేతికిచ్చింది. ఆమె మూట కట్టడానికి పది నిమిషాలు పట్టింది. పాప బడిసంచీ తగిలించుకుని, "రేపు బడికి ఇట్నుంచే పోతామా?" అని రెండుసార్లు అడిగింది. రెండోసారికి కూడా ఎవరూ జవాబు చెప్పకపోతే ఇంక అడగలేదు, నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం చూసి పెద్దనర్సమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

వ్యాను వచ్చింది. మూటను కెమెరా అక్కే మోసింది. పాప ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మిషనమ్మాయి మెట్టు మీద కాలుపెట్టి వెనక్కి తిరిగింది. తిడుతుందనుకుంది కెమెరా అక్క. తిట్టాలని కోరుకుంది కూడా.

"అక్కా, మేం వెళ్లే చోట కూడా కెమెరాలు మీరే పెట్టారా?"

"లేదమ్మా. అక్కడ నేను పెట్టలేదు."

"అయితే సరే" అని ఆ అమ్మాయి వ్యాను ఎక్కి తలుపు వేసుకుంది.